రెండుకి ఒకటి తియ్యి, ఏడుకి ఒకటిన్నర పెట్టు

మా తోడికోడలు నన్ను తిట్టుకుంటోందని నేను ఇరవైరెండేళ్ళు నమ్మాను. ఇందులో నా తప్పేమీ లేదు. ఒకే వంటగదిలో ఒక మనిషి మీ పక్కన నిలబడి, గిన్నె కడుగుతూ కూడా పెదవులు కదుపుతూ ఏదో గొణుక్కుంటూ ఉంటే మీరేమనుకుంటారు? కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి చెవి ఒగ్గి విన్నాను. "ఏడుకి ఒకటిన్నర పెట్టు" అంటోంది. ముందురోజు నేను ఏడు రొట్టెలు తిన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ ముందు లెక్కపెట్టుకుని తినడం మొదలుపెట్టాను. అందువల్ల సన్నబడ్డాను కూడా. ఆ పుణ్యం మాత్రం ఆవిడదే.

తోడికోడలినైనా ఆవిడను నేను అక్క అనే పిలుస్తాను. పిలుపుకేం తక్కువ లేదు. మేమిద్దరం ఒకే బట్టల మిల్లులో పనిచేసేవాళ్ళం. నేను తనిఖీ బల్ల దగ్గర. రంగువేసిన బట్టని తానులు తానులుగా కిటికీ వెలుతురులో పరిచి, మరక, గీత, రంగు తేడా ఉంటే పట్టుకోవడం నా పని. తప్పులు పట్టడానికి జీతమిచ్చే ఉద్యోగం దొరకడం నా అదృష్టమని మా ఆయన అంటూ ఉంటాడు. అక్క రంగుల షెడ్డులో లెక్కలు చూసేది. ఎంత బట్టకి ఎంత రంగుపొడి తూచాలో ఆవిడ చెబితే తూకందారు తూచేవాడు. ఆ తరువాతే తొట్టిలో నీళ్ళు కాగేవి.

ఆ లెక్కలకి ఆవిడ దగ్గర ఒక చక్రం ఉండేది. అరచేతిలో ఇమిడే గుండ్రటి అట్ట. కింద ఒక బిళ్ళ, దాని మీద కాస్త చిన్న బిళ్ళ, రెంటినీ కలుపుతూ మధ్యలో ఇరుసు. రెండు బిళ్ళల అంచుల చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలు, సన్నటి గీతలు. ఆ అంకెలు గడియారంలో మాదిరి సమానదూరంలో ఉండవు. ఒకటికీ రెండుకీ మధ్య విశాలంగా ఉంటుంది, తొమ్మిది దాటేసరికి ఊపిరాడనంత ఇరుకు. లాగరిథం అనే లెక్క ప్రకారం అలా అచ్చువేస్తారట. దాని మహిమ ఏమిటంటే గుణించాలంటే గుణించక్కర్లేదు, బిళ్ళని తిప్పితే చాలు. మూడువందల నలభై కిలోల బట్ట, నూటికి రెండు పాయింట్ నాలుగు వంతు రంగు అనుకోండి. చిన్న బిళ్ళ మీది ఒకటిని తెచ్చి పెద్దదాని మీద మూడు పాయింట్ నాలుగు ఎదుట పెట్టాలి. చిన్నదాని మీద రెండు పాయింట్ నాలుగుకి ఎదురుగా ఏముందో చూడాలి. ఎనిమిది, ఒకటి, ఆరు. అయిపోయింది. మేనేజరు దగ్గర ఇదే లెక్క చేసే పొడుగాటి స్కేలు ఒకటి ఉండేది కానీ, సగం లెక్కలకి జవాబు స్కేలు చివర దాటి గాలిలోకి పోయేది. ఆయన మళ్ళీ వెనక్కి లాక్కుని మొదటినుంచి మొదలుపెట్టేవాడు. "గుండ్రటిదానికి చివరుండదు సార్, అందుకని దారి తప్పదు" అనేది అక్క.

చక్రం మూడంకెలే చెబుతుంది. నాలుగో అంకె చూడాలన్నా కనపడదు. అక్క కూడా జీవితంలో ఏనాడూ నాలుగో అంకె చెప్పలేదు. ఇల్లు ఎంత దూరమని అడిగితే "పన్నెండు వందల నలభై అడుగులు" అనేది. అంతకంటే సూక్ష్మంగా చెప్పేవాడు అబద్ధాలకోరని ఆవిడ నమ్మకం. షెడ్డులో అందరూ ఆవిడను మూడంకెలమ్మ అనేవాళ్ళు.

ఇంకో సంగతి. చక్రం ఎనిమిది, ఒకటి, ఆరు అని మాత్రమే చెబుతుంది. అది ఎనిమిది కిలోల చిల్లరా, ఎనభై ఒక కిలోలా అన్నది చెప్పదు. చుక్క ఎక్కడ పెట్టాలో మనిషే తేల్చుకోవాలి. ఒకసారి అక్క జ్వరంతో పడుకుంటే తూకందారు తనే చక్రం తిప్పి, అంకెలు సరిగ్గానే చదివి, చుక్క ఒక గది పక్కన పెట్టాడు. పదింతల నలుపు పడింది. ఆ బట్ట నా బల్ల మీదికి వస్తే, పరిచిన చోటల్లా సాయంత్రమైనట్టు అనిపించింది. ముట్టుకున్న చేతులు వారం దాకా తెల్లబడలేదు. ఆనాటి నుంచి ఎవరికైనా తెలివి ఉండీ వివేకం లేకపోతే "అంకెలున్నాయి, చుక్క లేదు" అనడం మా ఇంట్లో వాడుక అయింది. ఎక్కువగా మా ఆయన గురించే అనేవాళ్ళం.

ఇక బావగారి సంగతి చెప్పాలి. అక్క భర్త, మా ఆయనకి అన్నగారు. గడియారాలు బాగుచేసేవాడు. మెట్ల కింద ఒక మనిషి, ఒక బల్ల, ఒక దీపం పట్టేంత దుకాణం. బోర్డు మీద "వెంట్రుకంత తేడా రాదు" అని రాయించాడు. మాటకి తగ్గ మనిషే. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే దుకాణం ముందు బండి బోల్తాపడినా తల ఎత్తేవాడు కాదు.

వాళ్ళ పెళ్ళయిన మొదటి ఏడాది, నేను ఇంకా ఆ ఇంటికి రాకముందు, అక్క చక్రాన్ని మంచం పక్కన నేలమీద పెట్టి మరిచిపోయిందట. బావగారు పొద్దున్నే లేచి సరిగ్గా దానిమీదే కాలు వేశాడు. ఇరుసు ఊడింది, దాని చుట్టూ అట్ట చిరిగింది. ఆ చక్రం ఆవిడకి పాత రంగుల మేస్త్రీ పనిలోంచి దిగిపోతూ ఇచ్చింది. నమూనా గుడ్డముక్కలు ఉతికే పిల్లగా మిల్లులో చేరిన మనిషికి అది దొరకడమంటే కుర్చీ దొరకడమే. ఆవిడ ఏడవలేదట కానీ ఆ పూట అన్నం తినలేదట. బావగారు ముక్కలు ఏరుకుని దుకాణానికి పోయాడు. మూడు రోజులు గిరాకీలందరినీ వెనక్కి పంపేశాడు. చిరిగినచోట వెనక నుంచి పలచటి రేకు అంటించి, కంపాసుతో కేంద్రం కొలిచి, జేబు గడియారంలోని ఇత్తడి ఇరుసు ఒకటి మెరుగుపెట్టి బిగించాడు. తెచ్చి ఆవిడ ముందు గిర్రున తిప్పాడు.

"చూడు, ఇదివరకు తిరుగుతుంటే చిన్నదాని అంచు కాస్త ఊగేది. ఇప్పుడు ఊగుతోందా?"

"లేదండీ. ఇదివరకటికన్నా బాగుంది" అంది అక్క.

ఆ ఒక్క మాటే ఆవిడ కొంప ముంచింది.

ఎందుకంటే ఆ చక్రం అచ్చువేసినవాడు చిన్న బిళ్ళని కత్తిరించేటప్పుడు వంకరగా కత్తిరించాడు. అంకెల వలయానికి కేంద్రం ఒకచోట, అట్ట అంచుకి కేంద్రం ఇంకోచోట. మధ్య తేడా బియ్యపుగింజ మందం. మొదట ఇరుసు అంకెల కేంద్రంలో ఉండేది కాబట్టి అంచు ఊగినా లెక్క సరిగ్గా వచ్చేది. గడియారాల మనిషికి ఊగే చక్రమంటే జబ్బుచేసిన చక్రం. ఆయన అంచు చూసి, అంచుకే కేంద్రం కట్టాడు. వెంట్రుకంత తేడా లేకుండా, పూర్తిగా తప్పుచోట.

అక్కకి వారంలోనే తెలిసింది. రెండు తొట్ల నీలం ఒకటి ముదురుగా, ఒకటి వెలవెలబోతూ వచ్చింది. చీవాట్లు కూడా తింది. చక్రంలో తప్పుందని ఒక్క ముక్క ఇంట్లో చెబితే సరిపోయేది. ఈలోగా బావగారు ఈ మరమ్మతు గురించి వీధంతా చెప్పేశాడు. గడియారం ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడికీ ముందు ఈ కథే. "మా ఆవిడ లెక్కలన్నీ నేను వేసిన ఇరుసు మీదే తిరుగుతున్నాయి" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి అక్క నోరు పెగల్లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

చెప్పకుండా ఏం చేసిందంటే, ఏ అంకె దగ్గర ఎంత తేడా వస్తోందో కాగితం మీద గుణించి చూసుకుని బట్టీ పట్టింది. ఒకటికి ఊరుకో, రెండుకి ఒకటి తియ్యి, నాలుగుకి ఊరుకో, ఏడుకి ఒకటిన్నర పెట్టు. రెండు దగ్గర ఒక గీత తగ్గించి చదవాలి, ఏడు దగ్గర గీతన్నర కలిపి చదవాలి. మొదట్లో మరిచిపోతానేమోనని అనుకునేది. తరువాత అలవాటై గిన్నెలు కడుగుతూ, తల దువ్వుకుంటూ, బస్సు కోసం నిలబడి కూడా అనుకునేది. షెడ్డులో వాళ్ళు అది రంగు పట్టించే మంత్రమనుకునేవాళ్ళు. నేనేమనుకున్నానో ముందే చెప్పాను.

ఇదంతా నాకు ఎప్పుడు తెలిసిందంటే, బస్సు కండక్టర్ల యూనిఫారాలకి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు. ఒకటే బూడిదనీలం, వేల గజాలు. మూడు షిఫ్టులు, షిఫ్టుకి నాలుగు తొట్లు. మూడంకెలమ్మ మూడు షిఫ్టులూ ఉండలేదు కదా అని మేనేజరు ఒక ఉపాయం ఆలోచించాడు. ఆవిడ చక్రం లాంటివే పన్నెండు చేయించి తొట్టివాళ్ళకి తలా ఒకటి ఇవ్వాలని. అచ్చు పనివాడు అసలుదాన్ని అంచులతో సహా ఫొటో తీసి ఉన్నది ఉన్నట్టు అచ్చువేసి కత్తిరిస్తాడు. ఇరుసులు బిగించడానికి ఇంకెవరు? బావగారే.

ఆ మధ్యాహ్నం అక్క టిఫిన్ డబ్బా తెరవకుండానే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీతో ఒక మాట చెప్పాలి. మీ బావగారికి చెప్పకూడదు" అంది.

"నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదక్కా."

"తెలుసు. కానీ ఇంకెవరున్నారు నాకు?"

మొత్తం చెప్పింది. నేను తిన్న రొట్టెలకీ ఏడుకీ సంబంధం లేదని అప్పుడే తెలిసింది. ఇరవైరెండేళ్ళు కడుపు మాడ్చుకున్నందుకు కోపం రావాలి కానీ, అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

"ఇప్పటికైనా చెప్పెయ్యి. ఇరుసు మార్చుకుంటే పోతుంది."

"ఆయన ఆ బోర్డు కిందే కదే రోజంతా కూర్చునేది" అంది అక్క. "ఆ మాట తప్పని నేనే చెప్పాలా?"

మా బావగారికి ఇంత పెద్ద పని జీవితంలో రాలేదు. ఆయన భోజనాల బల్ల మీద పన్నెండు జతల బిళ్ళలు పరిచి, ఒక్కోదానికీ మూడుసార్లు కేంద్రం కొలిచి, పాటపాడుకుంటూ ఇరుసులు బిగించాడు. ఏ అంచూ ఊగలేదు. అక్క ఎదురుగా కూర్చుని చూసింది. ఒకసారి "ఆ అంకెల వలయం కూడా కొలిస్తే బాగుంటుందేమో" అని మెల్లగా అంది. "అంచు సరిగ్గా ఉంటే లోపలున్నవన్నీ సరిగ్గానే ఉంటాయి, నువ్వు బెంగపెట్టుకోకు" అన్నాడాయన. నేను గ్లాసు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నీళ్ళు తాగాను.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మా అక్క రెంటికీ మధ్యనుంచి ఒక సందు వెతికింది. పన్నెండుమంది తొట్టివాళ్ళనీ పిలిచి, చక్రాలు చేతికిస్తూ, చదివే ముందు తప్పకుండా ఒక మాట అనుకోవాలని, ఆ మాట ఎలా చెబితే అలాగే చదవాలని, లేకపోతే రంగు కుదరదని చెప్పింది. వాళ్ళకి అనుమానమే రాలేదు. ఏళ్ళ తరబడి ఆవిడ పెదవుల మీద చూస్తున్న మంత్రం చివరికి తమకి ఉపదేశించిందని పొంగిపోయారు. వారం రోజులు షెడ్డంతా "రెండుకి ఒకటి తియ్యి" అని ఒకటే గొణుగుడు. బట్ట మాత్రం ఒక్క రంగులో వచ్చింది. తానులన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి వెతికాను, తప్పు పట్టడానికేమీ దొరకలేదు. నాకు పని లేకుండా పోయింది.

అలాగే సాగితే ఈ కథ లేదు. రెండోవారంలో కొత్త ఇంజనీరు షెడ్డులోకి వచ్చాడు. చదువుకున్నవాడు, శ్రద్ధగలవాడు, లాగరిథం అంటే ఏమిటో నిజంగా తెలిసినవాడు. తొట్టి దగ్గర ఒక పెద్దమనిషి కళ్ళు మూసుకుని గొణిగి, తెరిచి, కనపడిన అంకె కాకుండా దాని పక్క అంకె చెప్పడం చూశాడు.

"ఇది మిల్లా, ఒకటో తరగతా? చక్రం మీద ఏముంటే అదే చదవండి. ఈ గొణుగుడు నాకు మళ్ళీ వినపడకూడదు" అన్నాడు.

శాస్త్రం ప్రకారం ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆరుగురు ఆయన మాట విన్నారు. మిగిలిన ఆరుగురు ఆయనకి వినపడకుండా లోలోపల అనుకున్నారు. మూడు రోజులు తిరిగేసరికి నా బల్ల మీద భక్తుల బట్ట ఒక రంగు, విధేయుల బట్ట రకరకాల రంగులు. ఒక కోటుకి ఒక చెయ్యి బూడిదగా, ఒక చెయ్యి నీలంగా కుట్టుకుంటే తప్ప పనికిరాని బట్ట.

తేడా వస్తే ముందు అక్కకే చెబుతానని మాటిచ్చాను, చెప్పాను. ఆవిడ ఏదో ఒకటి చేసేలోపే ఇంజనీరు కూడా వచ్చి చూసి, దోషిని తేల్చేశాడు. తూకందారు. వెనకటి నల్లబట్ట సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. "లెక్క సరిగ్గా ఉంది, ఇరుసులు సరిగ్గా ఉన్నాయి, ఇక తప్పు తక్కెడలోనే ఉండాలి. ఇతన్ని మార్చాలి" అని మేనేజరుకి చెప్పాడు. మేనేజరు తొందరపడే మనిషి కాదు. అందరినీ నా బల్ల దగ్గరికి పిలిచాడు. చక్రాలు పరీక్షించి చెప్పడానికి బావగారిని కూడా పిలిపించాడు.

బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భూతద్దం జేబులో పెట్టుకుని వచ్చాడు. తూకందారు ఒక పక్కన కుక్కిన పేనులా నిలబడి ఉన్నాడు. చేతులు కనపడకుండా వెనక్కి పెట్టుకున్నాడు. పాపం, పాత నలుపు ఇంకా ఉందేమోనన్నట్టు.

బావగారు పన్నెండు చక్రాలూ వరసగా తిప్పి చూపించాడు. "చూడండి సార్. ఒక్క అంచు ఊగితే నా పేరు మార్చుకుంటాను."

"ఊగాలి" అంది అక్క.

అందరూ ఆవిడవైపు చూశారు. నేను పరిచి ఉన్న బట్టవైపు చూశాను.

"ఏమన్నావు?" అన్నాడు బావగారు.

"ఊగాలండీ. ఊగితేనే లెక్క సరిగ్గా వస్తుంది. అంకెల కేంద్రం వేరు, అంచు కేంద్రం వేరు. తూకంలో తప్పులేదు సార్, అతన్ని ఏమీ అనకండి. ఇరుసు తప్పుచోట ఉంది. అన్నిటిలోనూ. నాదాంట్లో కూడా."

బావగారు భూతద్దం కంటికి బిగించుకున్నాడు. అక్క చక్రం అందుకుని కంపాసు ముల్లు ఇరుసు మీద ఆనించి, అంకెల వలయం చుట్టూ మెల్లగా కొలిచాడు. రెండు దగ్గర ఆగాడు. ఏడు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటినుంచి కొలిచాడు.

"ఒకటిన్నర మిల్లీమీటరు" అన్నాడు చివరికి. భూతద్దం తీసి, "ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"మొదటి వారం నుంచి."

"ఇరవైఏడేళ్ళా?"

"తొమ్మిదివేల ఎనిమిదివందల అరవై రోజులు" అంది అక్క. అడిగితే చెప్పకుండా ఉండలేదు, అదొక బలహీనత.

తూకందారు ఉద్యోగం నిలిచింది. ఇంజనీరు మర్యాదస్తుడు, అందరి ముందూ అతని చెయ్యి పట్టుకుని పొరపాటైందన్నాడు. బావగారు మాత్రం తలకాయ తీసేసినట్టు ఇంటికి వచ్చాడు. రెండు రోజుల్లో పన్నెండు చక్రాలకీ ఇరుసులు మార్చి ఇచ్చాడు. మూడోరోజు అక్క చక్రానికీ మార్చాడు. ఇప్పుడన్నీ ఊగుతూ తిరిగాయి, లెక్కలన్నీ సరిగ్గా వచ్చాయి. నాలుగోరోజు మెట్లెక్కి బోర్డు మీద "వెంట్రుకంత తేడా రాదు" అన్న ముక్క చెరిపేశాడు. గిరాకీలకి కథ చెప్పడం మానేశాడు. ఇంట్లో అక్కతో "ఉప్పు ఇటివ్వు" మించి మాట్లాడలేదు. కోపం కాదని మాకు తెలుస్తూనే ఉంది. కోపమైతే బాగుండేది, ఎలా తీర్చాలో తెలిసేది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తరువాత ఒక తాను వెలవెలబోతూ వచ్చింది. చీటీ చూస్తే స్వయానా అక్క లెక్క. మర్నాడు మరొకటి. పన్నెండుమందీ సరిగ్గా చేస్తుంటే మిల్లు మొత్తంలో మూడంకెలమ్మ ఒక్కతే తప్పు చేస్తోంది. బట్ట చంకనపెట్టుకుని షెడ్డుకి పోయాను. ఆవిడ చక్రం చేతిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాకు తెలుసే. రెండు కనపడితే చాలు, నా అంతట నేనే ఒకటి తీసేస్తున్నాను. ఏడు కనపడితే పెట్టేస్తున్నాను. వద్దనుకున్నా ఆగడం లేదు. ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాలి, రెండుకి తీసింది మళ్ళీ పెట్టు, ఏడుకి పెట్టింది మళ్ళీ తియ్యి అని."

"గొణుక్కుంటూనా?"

"గొణుక్కుంటూనే. ఆయన ఎంత కష్టపడి సరిచేశాడో చూశావుగా. ఇది కూడా బాగాలేదని ఏ ముఖంతో చెప్పను? నువ్వు చెప్పకు."

అప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండింది. మొదటిసారి మాటిచ్చి నోరు మూసుకున్నందుకు గుండె దడ పట్టుకుంది, అదింకా తగ్గలేదు. మర్నాడు పొద్దున టీ తాగుతుండగా అందరి ముందూ చెప్పేశాను.

"బావగారూ, మీరు సరిచేసిన చక్రంతో అక్కకి లెక్కలన్నీ తప్పొస్తున్నాయి. మీ పాత తప్పు ఆవిడ చేతికి అలవాటైపోయింది. ఈ సంగతి కూడా మీ దగ్గర దాచమంటోంది. ఇంకో ఇరవైఏడేళ్ళు నేను మోయలేను."

అక్క నావైపు చూసిన చూపుకి ఇంకెవరైనా అయితే టీ గ్లాసు వదిలేసేవాళ్ళు. బావగారు మాత్రం గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపాడు. ఆవిడ దారం కట్టి మెడలో వేసుకున్న చక్రం తీసి ఇచ్చింది. ఆయన దుకాణానికి కూడా పోకుండా, భోజనాల బల్ల మీదే పనిముట్లు పరిచాడు. జీవితమంతా సరిచేయడమే తెలిసిన మనిషి మొదటిసారి తప్పు చేయడానికి కూర్చున్నాడు. ఒకటిన్నర మిల్లీమీటరు, రెండుకి ఇటు, ఏడుకి అటు. కొలిచాడు, తుడిచాడు, మళ్ళీ కొలిచాడు. ఇరుసు బిగించి తిప్పి చూశాడు. అంచు ఊగలేదు.

"చూడు" అని ఆవిడకి ఇచ్చాడు. మాట మామూలుగానే ఉంది కానీ కళ్ళు ఆవిడ ముఖం మీదినుంచి కదల్లేదు.

అక్క తిప్పింది. మూడు పాయింట్ నాలుగు దగ్గర ఒకటి పెట్టింది. రెండు పాయింట్ నాలుగు ఎదురుగా చూసింది, పెదవులు కదిపింది. ఏడు దగ్గర కూడా చూసింది. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. "బాగుందండీ" అంటుంది. ఇరవైఏడేళ్ళ కిందట అలాగే అంది. మళ్ళీ కొత్త గొణుగుడు, నాకు మళ్ళీ కొత్త దడ.

"బాగాలేదు" అంది అక్క. "ఏడు దగ్గర సరిపోయింది కానీ రెండు దగ్గర తప్పు తక్కువైంది. మళ్ళీ చెయ్యండి."

బావగారు నవ్వాడు. దాదాపు రెండు వారాల తరువాత ఆ ముఖంలో నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

"ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

రెండోసారి కూడా బాగాలేదంది. మూడోసారి "ఇదింకా అన్యాయం" అంది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, "ఆనాడు ఇంత తప్పు ఎలా చేశానో" అని ఆశ్చర్యపడుతూ నాలుగోసారి మొదలుపెట్టాడు. ఆ రోజు అక్క షెడ్డుకి ఆలస్యంగా వెళ్ళింది. నేనూ ఆలస్యంగానే వెళ్ళాను, ఎనిమిదో రొట్టె తిని.